ఇంటి స్పోర్ట్స్ కారుకు ఇంజిన్ మార్పిడి: రాయగడ షెడ్డు డైరీ

ఒడిశాలోని రాయగడలో మా ఇంటి వెనక షెడ్డులో నాలుగేళ్ల కిందట కట్టిన రెండు సీట్ల ఓపెన్ కారు ఇది. ఫ్రేము 25 × 25 స్క్వేర్ పైపు, 1.6 మి.మీ. మందం. ఇంజిను, గేర్‌బాక్సు, వెనక హౌసింగు (వెనక చక్రాలను తిప్పే పళ్లచక్రాలు, ఇరుసు ఉండే పెట్టె) మూడూ పాత మారుతి ఓమ్నివే. 796 సీసీ ఇంజిను తీసేసి మారుతి జిప్సీ జీపుదైన 1298 సీసీ జి13బిబి ఇంజిను, గేర్‌బాక్సు పెట్టాను. అవి ఈ ఫ్రేములో కూర్చోవడానికి బజార్లో దొరికే భాగం ఒక్కటీ లేదు. ఫౌండేషన్ పాదాలు (ఇంజినును ఫ్రేముకు పట్టి ఉంచేవి), ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక హౌసింగుకు తిరిగే కడ్డీ), ఆయిల్ చాంబరు (ఇంజిను అడుగున ఆయిలు నిలిచే తొట్టి), ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు (ఇంజిను పొగ బయటికి పోయే గొట్టాలు), ఈ నాలుగూ చేసుకోవాల్సి వచ్చింది. నాలుగూ మొదటిసారి తప్పాయి. ఎక్కడ తప్పాయో కొలతలతో రాస్తున్నాను. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకు కనీసం రెండు నెలలు మిగలాలని నా కోరిక.

ఈ జోడీనే ఎందుకంటే, జి13 బ్లాకు అల్యూమినియంది. జిప్సీలో ఇంజిను బండి పొడవు వెంట కూర్చుంటుంది. పైగా జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) గేర్‌బాక్సుకు అంటుకుని ఉండదు, మధ్యలో ఒక చిన్న షాఫ్టుతో విడిగా ఉంటుంది. దాన్ని వదిలేస్తే మామూలు వెనక చక్రాల కారుకు సరిపోయే ఐదు గేర్ల పెట్టె మిగులుతుంది.

ఒక ముఖ్యమైన మాట. ఈ కారు రోడ్డు మీదకు రాదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. నాది మూతపడిన ఒక ఇటుక బట్టీ మైదానంలో, యజమాని అనుమతితో, హెల్మెట్ పెట్టుకుని నడిపే బండి. అక్కడికి కూడా చిన్న లారీ మీదే వెళ్తుంది.

వాడిన పనిముట్లు: 200 ఆంప్స్ సింగిల్ ఫేజ్ మిగ్ వెల్డింగ్ మెషిను, 4 అంగుళాల గ్రైండర్లు రెండు, బెంచి డ్రిల్లు, వెర్నియర్, అయస్కాంతం కాలున్న డయల్ గేజి, డిజిటల్ యాంగిల్ గేజి, ఫీలర్ గేజీలు, మూలమట్టం, తూకం గుండు, టన్ను చైన్ పుల్లీ. లేత్ పని మా వీధి చివరి మావయ్య దగ్గర. టిగ్ వెల్డింగుకు ఒక ఒడియా కుర్రాడు తన మెషిను ఆటోలో వేసుకుని వచ్చేవాడు.

స్టేజీ 1: కొలతలు

ఇంజిను, గేర్‌బాక్సు, వైరింగు, ఈసీయూ (ఇంజినును నడిపే కంప్యూటరు) కలిపి ఒకే బండివి, కాగితాలతో సహా విశాఖ గాజువాక ఆటోనగర్‌లో దొరికాయి. పార్వతీపురం మీదుగా సరుకుల బండిలో వచ్చాయి. కంప్రెషన్ నాలుగు సిలిండర్లకూ 6 పి.ఎస్.ఐ. తేడాలో ఉంది. అది చూశాకే డబ్బు కట్టాను.

బియ్యం వ్యాపారి కాటా మీద తూచాం. పాత ఇంజిను, గేర్‌బాక్సు కలిపి 94 కిలోలు, కొత్తవి 121 కిలోలు. మొత్తం బండి 548 నుంచి 575 కిలోలకు వెళ్తుంది. గేర్ నిష్పత్తి కూడా చేత్తో తిప్పి చూశాను. ఒకటో గేర్‌లో అవుట్‌పుట్ 3 చుట్లు తిరగాలంటే ఇన్‌పుట్ 11 చుట్లు తిరిగింది. అంటే మూడున్నర రెట్లు పైనే. ఈ అంకె పాదాల దగ్గర పనికొచ్చింది.

ఇక్కడే నా మొదటి తప్పు ఉంది. బండిని స్టాండ్ల మీద ఎత్తి కొలతలు తీశాను. చక్రాలు వేలాడుతున్నప్పుడు హౌసింగు కిందికి జారి ఉంటుంది, పినియన్ (హౌసింగులో షాఫ్టు వచ్చి కలిసే చిన్న పళ్లచక్రం) కోణం వేరుగా ఉంటుంది. అవన్నీ తర్వాత చెత్తబుట్టలో వేశాను. సరైన పద్ధతి ఇది:

1. నాలుగు చక్రాలూ నేల మీద, గాలి సరిగ్గా కొట్టి ఉంచాలి.
2. డ్రైవర్ సీట్లో 70 కిలోల ఇసుక బస్తాలు పెట్టాలి.
3. బండిని నాలుగైదుసార్లు అదిమి వదలాలి, స్ప్రింగులు సర్దుకుంటాయి.
4. ఫ్రేము కింది పైపు మీద యాంగిల్ గేజి పెట్టి సున్నా చెయ్యాలి. నేల వాలు లెక్కలోకి రాకూడదు.
5. అప్పుడే పినియన్ ఫ్లాంజి కోణం రాసుకోవాలి. నా బండిలో ముక్కు పైకి 2.5 డిగ్రీలు.

ఇప్పటిదాకా ఖర్చు: ₹60,500. గంటలు: 14.

స్టేజీ 2: ఫౌండేషన్ పాదాలు, రెండు జతలు

మొదటి జత కథ ముందు చెప్తాను, ఎందుకంటే మిగతా తప్పులన్నీ దాని పిల్లలే.

చైన్ పుల్లీతో ఇంజిను దింపితే ఆయిల్ చాంబరు ముందు భాగం స్టీరింగ్ ర్యాకు కూర్చునే అడ్డ పైపుకు తగిలింది. చాంబరు కోయడం ఇష్టంలేక ఇంజిను ముందు వైపు పైకెత్తాను. 12 మి.మీ. సందు వచ్చింది. బానెట్ కూడా మూసుకుంది. అక్కడే 3 మి.మీ. ఫ్లాట్ పట్టీతో పాదాలు చేసి, గేర్‌బాక్సు తోక కింద అడ్డపట్టీ వేసి, ఒక సాయంత్రం అన్నీ వెల్డ్ చేసేశాను. ఇంజిను తన పాదాల మీద తాను నిలబడింది.

మర్నాడు గేర్‌బాక్సు మీద యాంగిల్ గేజి పెడితే వెనక్కి 5.5 డిగ్రీలు వాలి ఉంది. పినియన్ 2.5. రెండింటికీ 3 డిగ్రీల తేడా.

ప్రొపెల్లర్ షాఫ్టు రెండు కొసల్లో రెండు క్రాసులుంటాయి, అంటే వంగుతూ తిరిగే కీళ్లు. కోణంలో తిరిగే క్రాసు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. రెండో క్రాసు కూడా అదే కోణంలో ఉంటే ఆ హెచ్చుతగ్గులను తిరిగి సరిచేస్తుంది. అంటే గేర్‌బాక్సు గీత, పినియన్ గీత ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. లేకపోతే షాఫ్టు వేగానికి రెండింతల లెక్కన వణుకు పుడుతుంది, అది బ్యాలెన్సింగుతో పోదు.

మా నాన్నగారు జేకేపూర్ పేపర్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. షెడ్డులోకి వచ్చి కాసేపు చూసి అడిగారు: "ఎక్కడ మొదలెట్టావురా?" ముందు నుంచి, బానెట్ దగ్గర్నుంచి అన్నాను. "మిల్లులో పంపు కదలదు. పంపుకు పైపులుంటాయి, అది ఎక్కడుందో అక్కడే ఉంటుంది. మోటారే దాని లైన్లోకి రావాలి. నీ పంపు ఏది?" అన్నారు.

నా పంపు వెనక హౌసింగు. స్ప్రింగులకు, చక్రాలకు కట్టుబడి ఉన్నది అదే. ఇంజిను మోటారు, అది ఎటైనా జరుగుతుంది. నేను మోటారును బిగించి పంపును వెతుక్కుంటున్నాను. ఆ రాత్రే పాదాలు రెండూ గ్రైండరుతో కోసేశాను. తోక ఎత్తు సరిగ్గానే ఉంది కాబట్టి గేర్‌బాక్సు కింది అడ్డపట్టీని మాత్రం వదిలేశాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, స్టేజీ 6లో మళ్లీ వస్తుంది.

రెండో జతకు లెక్క: యాక్సిలరేటర్ నొక్కితే పినియన్ ముక్కు కాస్త పైకి లేస్తుంది. అందుకని గేర్‌బాక్సును 3 డిగ్రీల దగ్గర పెట్టాను. తోక నుంచి ముందు పాదాలకు దూరం 700 మి.మీ. 2.5 డిగ్రీలు తగ్గాలంటే ముందు భాగం 30 మి.మీ. పైనే కిందికి రావాలి. ఉన్న సందు 12. అంటే చాంబరు 18 మి.మీ. మేర అడ్డ పైపులోకి చొచ్చుకుపోతుంది. చాంబరు కోత తప్పదు. ముందే ఒప్పుకుని ఉంటే మూడు వారాలు మిగిలేవి.

పాదాల మీద పడే బరువు: ఈ ఇంజిను టార్కు 100 న్యూటన్ మీటర్లకు కొంచెం పైన. ఒకటో గేర్‌లో మూడున్నర రెట్లు పైనే అంటే 370 దాటుతుంది. నా పాదాల మధ్య దూరం 420 మి.మీ. ఒక పక్క సుమారు 90 కిలోల బలంతో పైకి లేస్తుంది, రెండో పక్క అంతే బలంతో దిగుతుంది. క్లచ్ టక్కున వదిలితే ఇంకా ఎక్కువ. లేచేది ఎడమ పక్క. అందుకే ఎడమ రబ్బరు చిరిగినా ఇంజిను లేవకుండా మధ్యలోంచి 12 మి.మీ. బోల్టు పెట్టి పైన పెద్ద వాషరు వేశాను.

చేసిన తీరు:

1. పాదం 5 మి.మీ. ప్లేటు, లోపల త్రికోణం దన్ను. దన్ను కొసలు గుండ్రంగా తీశాను, పదునైన మూల దగ్గరే పగులు పుడుతుంది.
2. ఫ్రేము పైపు 1.6 మి.మీ. మాత్రమే. నేరుగా 5 మి.మీ. ప్లేటు వెల్డ్ చేస్తే పైపు కాలి చిల్లు పడుతుంది. మధ్యలో 3 మి.మీ. ప్లేటును జీనులా పైపు మూడు వైపులా చుట్టి వేశాను.
3. బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా 12 మి.మీ. పొడవు గాడులుగా కోశాను. పైకీ కిందికీ సర్దడానికి 1, 2 మి.మీ. షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు).
4. అన్నీ ట్యాకులు (చుక్కలాంటి తాత్కాలిక అతుకులు) మాత్రమే వేసి, కోణం సరిచూసి, ఇంజిను తీసేశాక పూర్తి వెల్డింగు.
5. వెల్డింగుకు ముందు రెండు పాదాల మధ్య 40 × 40 యాంగిల్ ముక్క బోల్టులతో బిగించాను. మొదటి జతలో ఇది లేక, చల్లారాక పాదాలు 2.4 మి.మీ. లోపలికి లాగేశాయి. ఈసారి 0.3.

రెండో జత ఉదయాన్నే వెల్డ్ చేశాను. మా వీధిలో సాయంత్రం మోటార్లన్నీ ఆన్ అవుతాయి. మల్టీమీటరు పెడితే సాయంత్రం 182 వోల్టులు, ఉదయం ఆరింటికి 222. వోల్టేజి తక్కువైతే వెల్డ్ పైపైన పూసలా నిలబడుతుంది, లోహంలోకి దిగదు. చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే ప్రమాదం.

ఈ స్టేజీ ఖర్చు: ₹5,550, అందులో పారేసిన జత ₹2,150. మొత్తం: ₹66,050. గంటలు: 45.

స్టేజీ 3: ప్రొపెల్లర్ షాఫ్టు

గేర్‌బాక్సు వైపు ముక్క జిప్సీ చిన్న షాఫ్టు నుంచి, హౌసింగు వైపు ముక్క ఓమ్ని షాఫ్టు నుంచి. మధ్యలో కొత్త పైపు. క్రాసు నుంచి క్రాసుకు 842 మి.మీ. స్లయిడింగ్ ముక్క లోపలికి పోవడానికి 22, బయటికి రావడానికి 25 మి.మీ. వదిలాను. వెనక చక్రాల కింద జాకీ పెట్టి ఎత్తి, దింపి, రెండు కొసల్లోనూ తగలడం లేదని చూసుకున్నాకే పైపు కోశాను.

మొదటిసారి పైపును మూలమట్టంతో సరిచూసి నేనే ట్యాకులు వేశాను. రెండు కొసల యోకులు (క్రాసును పట్టుకునే చీలికలు) ఒకే గీతలో ఉండాలి. కంటికి సరిగ్గానే ఉన్నాయి. మావయ్య రెండు వీ-బ్లాకుల మీద పెట్టి, యోకు కన్నాల్లో సూటి కడ్డీలు దూర్చి చూపిస్తే దాదాపు 4 డిగ్రీలు మెలిక. మధ్యలో డయల్ పెడితే 0.9 మి.మీ. ఊగుతోంది. "కంటితో చూసేది గోడకు సరిపోద్ది బాబూ, తిరిగేదానికి సరిపోదు" అన్నాడు.

రెండోసారి ఆయన పద్ధతి:

1. రెండు కొసల ముక్కలకూ లేత్ మీద మెట్టు తీసి, పైపులోకి బిగువుగా దిగేలా చేశాడు.
2. దిగేముందు పైపు పొడవునా సుద్దతో కాకుండా స్క్రైబరుతో గీత గీశాడు. యోకులను ఆ గీతకు కలిపాడు.
3. లేత్ సెంటర్ల మధ్య పట్టించి, ఎదురెదురుగా నాలుగు ట్యాకులు. ప్రతి ట్యాకు తర్వాత డయల్. ఊగుడు ఉన్నచోట చిన్న దెబ్బ.
4. పూర్తి వెల్డింగు పావువంతు చొప్పున, ఎదురెదురుగా.

ఊగుడు 0.2 మి.మీ.కు వచ్చింది. ఆటోనగర్ తీసుకెళ్లి బ్యాలెన్సింగు చేయించాను. రైలు ఖర్చు లెక్కలో వేయలేదు, పెళ్లికి వెళ్తూ షాఫ్టు పట్టుకెళ్లాను. విప్పేటప్పుడు కొసల మీద బాణం గుర్తులు పెట్టండి. స్ప్లైను (స్లయిడింగ్ ముక్క పళ్లు) ఒక పన్ను అటూ ఇటూ అయితే ఈ కష్టమంతా పోతుంది.

ఖర్చు: క్రాసులు 1,300, పైపు 700, లేత్ 1,800, మళ్లీ లేత్ 900, బ్యాలెన్సింగు 1,200. మొత్తం: ₹71,950. గంటలు: 61.

స్టేజీ 4: ఆయిల్ చాంబరు

తప్పించుకోవాలనుకున్న పని ఇదే. చేస్తుంటే అన్నిటికంటే ఇష్టంగా చేసిన పని కూడా ఇదే అయింది.

చాంబరు రేకుది కాబట్టి కోసి అతికించవచ్చు. ముందు భాగం 35 మి.మీ. ఎత్తు తగ్గాలి, 18 తగిలేది పోగా 17 సందు. 200 × 220 మి.మీ. మేర 35 ఎత్తు పోతే సుమారు లీటరున్నర ఆయిలు చోటు పోతుంది. పాత చాంబరులో డిప్‌స్టిక్ పై గుర్తుదాకా నేను కొలిచి పోస్తే 3.3 లీటర్లు పట్టింది. అందులో దాదాపు సగం పోవడం కుదరదు. అందుకని రెండు పక్కలా రెక్కలు పెట్టాను. ఒక్కొక్కటి 60 × 200 × 65 మి.మీ., అంటే రెండూ కలిపి 1.56 లీటర్లు. పోయింది తిరిగి వచ్చింది.

ఒకే ఒక్కటి తప్పాను. రెక్కలు వేశాక మలుపులో ఆయిలు పక్కకు పరిగెత్తుతుందని ఆలోచించలేదు. వాడకముందే దొరికింది, అదృష్టం. చాంబరులో 3 లీటర్ల నీళ్లు పోసి, బల్ల మీద పెట్టి 30 డిగ్రీలు వంచి చూశాను. స్ట్రెయినరు (ఆయిల్ పంపు ఆయిలు పీల్చుకునే జల్లెడ) ఉండే చోట చాంబరు అడుగు కనిపించింది. ఆ స్థితిలో ఆయిల్ పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. మళ్లీ కోసి స్ట్రెయినరు చుట్టూ పెట్టెలాగా 1.6 మి.మీ. రేకు గోడలు కట్టి, రెక్కల వైపు లోపలికి మాత్రమే తెరుచుకునే రేకు తలుపులు పెట్టాను. ఆయిలు లోపలికి వస్తుంది, వెనక్కి పోబోతే తలుపు మూసుకుంటుంది. తలుపులకు వాడింది గట్టి ఇత్తడి కీలు, పిన్ను రెండు కొసలా వెల్డ్ చేశాను. అది ఊడి ఆయిల్లో పడితే పెద్ద నష్టం.

పరీక్షలు:

1. స్ట్రెయినరుకూ చాంబరు అడుగుకూ సందు: మా అమ్మ చపాతీ పిండి ముద్ద ఇచ్చింది. పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి స్ట్రెయినరు కింద పెట్టి, చాంబరు బిగించి విప్పి, నలిగిన ముద్దను వెర్నియర్‌తో కొలిచాను. మొదట 4 మి.మీ. వచ్చింది, అది తక్కువ. స్ట్రెయినరు గొట్టం సర్ది 9కి తెచ్చాను.
2. కారుడు: బయట అతుకుల మీద సుద్దపొడి నీళ్లలో కలిపి పూసి, ఆరాక లోపల కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలాను. పొద్దున మూడు చోట్ల సుద్ద తడిసింది. నీటితో చూస్తే దొరకని సన్న రంధ్రాలవి.
3. అంచు చదును: వెల్డ్ వేడికి బోల్టు అంచు 1.4 మి.మీ. మెలి తిరిగింది. అద్దం మీద పెట్టి ఫీలర్ గేజితో చూస్తూ సుత్తితో 0.3కు తెచ్చాను. మిగతాది గ్యాస్కెట్ సీలెంటు చూసుకుంటుంది.

రంధ్రాలు మూయడానికి టిగ్ కుర్రాడు మళ్లీ వచ్చాడు. నేను తొందర పెడితే "టికే ఆగండి భాయ్" (టికే అంటే ఒడియాలో కాస్త) అని, కిరసనాయిలు వాసన పూర్తిగా పోయేదాకా వేడినీళ్లూ సబ్బుతో రెండుసార్లు కడిగించాడు. అతనన్నదే సరి. కిరసనాయిలు ఆవిరున్న పెట్టె మీద వెల్డింగు మంట పెట్టకూడదు.

ఖర్చు: రేకు 1,100, టిగ్ 1,600, సీలెంటు, గ్యాస్కెట్ 650. మొత్తం: ₹75,300. గంటలు: 88.

స్టేజీ 5: ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు

పాత పోత మ్యానిఫోల్డు ఫ్రేము ఏటవాలు పైపుకు అడ్డం. నాలుగు గొట్టాలు ఒక్కచోట కలిసేలా చేసుకోవాలి. మైల్డ్ స్టీలు, బయటి వ్యాసం 38.1, మందం 1.6. స్టెయిన్‌లెస్ వద్దనుకున్నాను. దానికి టిగ్ వేసేటప్పుడు గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపకపోతే లోపలివైపు అతుకు మాడి గరుకుగా ఉబ్బుతుంది. రెండు సిలిండర్ల గ్యాసు మోసే ఓపిక, డబ్బు రెండూ లేవు.

మొదటిది ఎలా పాడైందంటే: ఫ్లాంజి 6 మి.మీ. తీసుకున్నాను. గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి వరసగా పూర్తి వెల్డ్ చేశాం. చల్లారాక హెడ్డు మీద పెడితే రెండు కొసలూ లేచాయి, మధ్యలో బిగిస్తే కొసన 1.1 మి.మీ. సందు. గ్యాస్కెట్ దాన్ని ఆపలేదు. గొట్టాల పొడవులు కూడా దొరికిన వంపుల్ని బట్టి పెట్టాను: 610, 655, 700, 742 మి.మీ. పొడవులు ఒకటిగా ఉంటేనే నాలుగు సిలిండర్ల పొగ దెబ్బలు కలిసేచోటికి సమాన వ్యవధిలో వస్తాయి. ₹1,900 తుక్కులోకి పోయింది.

రెండోసారి:

1. ముందు 4 మి.మీ. ఇనుప తీగతో నాలుగు దారులూ వంచాను. తీగ గొట్టం నడి గీత. ప్రతి తీగ 700 మి.మీ. కోసి, ఆ పొడవుకు దారి సరిపోయేదాకా వంపులు మార్చాను. ఇదొక్కటే పదకొండు గంటలు.
2. ఫ్లాంజి 10 మి.మీ., లేజర్ కోత విశాఖలో. కాగితం మీద ఇంజిను గ్యాస్కెట్ నుంచి అచ్చు తీసి పంపాను.
3. ఇంజిను మీద ట్యాకులు. తర్వాత ఫ్లాంజిని 20 మి.మీ. ప్లేటుకు బిగించి పూర్తి వెల్డింగు. అంగుళం చొప్పున, 1, 4, 2, 3 గొట్టాల వరసలో మార్చి మార్చి.
4. రాత్రంతా ప్లేటుకు బిగించే వదిలాను. విప్పాక వంపు 0.4. మిల్లింగులో పై నుంచి 0.4 తీయించాను.
5. పొడవు సరిచూడటానికి ఒక్కో గొట్టంలో ఎండు ఇసుక నింపి కొలసీసాలో పోశాను. లెక్క ప్రకారం 670 మి.లీ. రావాలి. 662, 668, 671, 679 వచ్చాయి.

కలిసే చోటికి దిగువన ఆక్సిజన్ సెన్సరు బిగించడానికి మర ఉన్న నట్టు ముక్క మర్చిపోవద్దు. అందరూ మర్చిపోతారు, నేను మర్చిపోకపోవడానికి కారణం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవడమే.

ఖర్చు: వంపులు 3,600, ఫ్లాంజి 1,400, టిగ్ 3,500, తుక్కు 1,900. మొత్తం: ₹85,700. గంటలు: 132.

స్టేజీ 6: స్టార్టు, మైదానం, పగులు

వైరింగు, రేడియేటరు, హోసులు, క్లచ్ కేబులు మామూలు పనులు. ఒకే బండి వైరింగు, ఈసీయూ కొన్నందుకు ఇక్కడ ఇబ్బంది పడలేదు. స్పార్కు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు లేచేదాకా సెల్ఫ్ తిప్పి, తర్వాతే ప్లగ్గులు పెట్టాను. రెండో ప్రయత్నంలో స్టార్టయింది. మ్యానిఫోల్డు దగ్గర టిక్ టిక్ శబ్దం లేదు. నాన్నగారు సబ్బునీళ్ల సీసా పట్టుకుని అన్ని అతుకుల మీదా చల్లి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లారు. మా ఇంట్లో అది మెచ్చుకోలు.

మైదానంలో మొదటి రోజు 25 నిమిషాలు. నీటి వేడి 94 డిగ్రీల దగ్గర నిలబడింది. మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడలేదు, అంటే రేకు తలుపులు పనిచేస్తున్నాయి. షాఫ్టు నుంచి వణుకు లేదు. నాలుగో గేర్‌లో మాత్రం యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా కింద నుంచి ఒక టక్కు.

ఇంటికి తెచ్చి కింద చూస్తే కంటికి ఏమీ లేదు. నాన్నగారు మిల్లులో వాడే పద్ధతి చేయించారు. అతుకులు బ్రష్షుతో శుభ్రం చేసి ఎర్ర ద్రవం చల్లి, పావుగంట ఆగి, గుడ్డతో తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాం. కొత్త పాదాల మీద ఒక్క గీతా లేదు. గేర్‌బాక్సు కింది అడ్డపట్టీ మీద, వెల్డ్ అంచు వెంట 9 మి.మీ. ఎర్ర గీత తేలింది.

అదే, మొదటి జతతో పాటు ఆ సాయంత్రం 182 వోల్టుల మీద వెల్డ్ చేసి, ఎత్తు సరిపోయిందని వదిలేసిన పట్టీ. కోసి అడ్డంగా చూస్తే వెల్డ్ ప్లేటులోకి అర మిల్లీమీటరు కూడా దిగలేదు. ఎత్తు సరిగ్గా ఉందన్నది ఒక సంగతి, అతుకు పట్టిందా అన్నది వేరే సంగతి. ఆ రెండో ప్రశ్న నేను అడగనే లేదు.

కొత్త పట్టీ 5 మి.మీ. ప్లేటు, అంచులు 30 డిగ్రీలు చెక్కి గాడి చేసి, ఉదయం ఆరున్నరకు 221 వోల్టుల మీద వెల్డింగు. అదే సెట్టింగుతో ముందు తుక్కు ముక్కలు రెండు అతికించి, వైసులో పెట్టి సుత్తితో విరిచి చూశాను. ప్లేటు వంగింది, అతుకు ఊడలేదు. అప్పుడే బండి మీద వేశాను. ఇకమీదట ఏ రోజు వెల్డ్ చేసినా ముందు ఈ ముక్క విరవాల్సిందే.

తర్వాత మూడుసార్లు మైదానానికి వెళ్లాం, మొత్తం 1 గంట 50 నిమిషాలు. ప్రతిసారీ ఎర్ర ద్రవం పరీక్ష చేశాం. గీత లేదు. టక్కు కూడా పోయింది. ఎడమ పాదం బోల్టు ఒకసారి పావుచుట్టు వదులైంది, లాక్ నట్టు వేశాను.

ఈ స్టేజీ ఖర్చు: ₹6,300. మొత్తం: ₹92,000. గంటలు: 154.

మిగిలింది ఓమ్ని హౌసింగు. అది 796 సీసీ ఇంజిను కోసం చేసినది, ఇప్పుడు దాని మీద చాలా ఎక్కువ పడుతోంది. అందుకే నిలబడి ఉన్నచోటు నుంచి క్లచ్ మెల్లగానే వదులుతున్నాను. ఆయిలు మార్చినప్పుడు డ్రెయిన్ బోల్టు దగ్గర అయస్కాంతం తిప్పితే సన్నటి బూడిద రంగు పొడి వచ్చింది, ముక్కలు లేవు. హౌసింగులోని పెద్ద పళ్లచక్రం క్రౌన్, పినియన్ మధ్య బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఆట) ఇంజిను మార్చకముందు 0.15 మి.మీ. ఉండేది, ఇవాళ 0.17. ఇంకో రెండు గంటలు నడిపాక మళ్లీ డయల్ పెడతాను.